కారు షెడ్డులో కంప్యూటర్ కూటం
తెలిసింది చెప్పుకోవడానికి చేరిన 32 మంది

జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా సాఫ్ట్‌వేర్ పనిమీద హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటున్న పిల్లల ముచ్చట వినిపిస్తుంది. ఆదివారాలు సైతం 'మీటప్' ఉందంటూ వారు ఎక్కడికో బయలుదేరుతారు. అది ఆఫీసు పని కాదు. అందుకు జీతమూ రాదు. అక్కడ ఏం చేస్తారన్నది ఇంట్లో పెద్దలకు అంతుబట్టని సంగతి. ఇలాంటి కూటాల్లో పేరుమోసిన ఒకదాని కథ తెలుసుకుంటే ఆ గుట్టు కొంత విడుతుంది.

1975 మార్చి 5న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మెన్లో పార్కులో వాన పడుతోంది. గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజనీరు ఇంటి కారు షెడ్డులో 32 మంది చేరారు. ఊరంతా చీటీలు అంటించి వారిని పిలిచినవాడు ఫ్రెడ్ మూర్ అనే శాంతి ఉద్యమకారుడు. అప్పటికి కంప్యూటరంటే పెద్ద కంపెనీల, విశ్వవిద్యాలయాల సొత్తు. అయితే ఆ ఏడాది జనవరిలోనే 'ఆల్టయిర్ 8800' అనే చిన్న కంప్యూటరు విడిభాగాలను 397 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. కొన్నవారే వాటిని బిగించుకోవాలి. తెర లేదు, టైపు చేసే మీటలు లేవు. ముందువైపు స్విచ్చులు, మినుకుమనే దీపాలు మాత్రమే. దానితో ఏం చేయాలో ఒక్కడికి తోచదు గనుక నలుగురూ కూడారు. అదే హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్.

రేడియోలో పాట

ఏప్రిల్‌లో స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు తన ఆల్టయిర్ తెచ్చి, పక్కన చిన్న రేడియో పెట్టాడు. స్విచ్చులతో ప్రోగ్రామంతా ఎక్కించాక ఎవరి కాలో తీగకు తగిలి కరెంటు పోయింది. ఓపికగా మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. కంప్యూటరు నుంచి వెలువడే తరంగాలు రేడియోను తాకి పాటై వినిపించాయి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత స్టాన్‌ఫోర్డ్ పరిశోధనా కేంద్రం ఆడిటోరియంలో పదిహేను రోజులకొకసారి కూడేవారు. లీ ఫెల్సెన్‌స్టైన్ సభ నడిపేవాడు. ఎవరి దగ్గర ఏముందో, ఎవరికి ఏం కావాలో ముందు లేచి చెప్పాలి. ఆ తర్వాత సభ చెదిరి, కావలసినవాడు కావలసినవాడిని వెతుక్కోవాలి. అసలు పనంతా ఈ రెండో భాగంలోనే జరిగేది.

చేయెత్తి మాట్లాడటానికి జంకే స్టీవ్ వోజ్నియాక్‌కు ఈ పద్ధతి కలిసివచ్చింది. మొదటిరోజు ఇంటికి తీసుకెళ్లిన మైక్రోప్రాసెసర్ వివరాల కాగితం చదివి, ఇలాంటిది తానూ తయారుచేయగలనని ఆ రాత్రే గ్రహించాడు. చేశాక దాని నమూనా చిత్రాలను సభ్యులకు ఉచితంగా పంచాడు. 1976లో స్నేహితుడు స్టీవ్ జాబ్స్‌తో కలిసి దాన్నే అమ్మకానికి పెట్టాడు. అదే ఆపిల్ కంప్యూటరు. మొదట 50 కావాలని అడిగిన దుకాణదారు పాల్ టెరెల్ కూడా ఆ క్లబ్బుకు వచ్చేవాడే.

టేపు తగువు

అయితే పంచుకోవడమంతా సాఫీగా సాగలేదు. ఆల్టయిర్‌కు 'బేసిక్' అనే ప్రోగ్రాము రాసినవారు బిల్ గేట్స్, ఆయన మిత్రుడు పాల్ ఆలెన్. ముందే డబ్బు కట్టి, అది ఎంతకూ చేతికందక విసిగిన సభ్యులున్నారు. 1975లో ఒక ప్రదర్శనలో ఎవరో ఆ ప్రోగ్రామున్న కాగితపు టేపు పట్టుకుపోయారు. దానికి నకళ్లు తీసి క్లబ్బులో పంచారు. ఒకటి తీసుకుంటే రెండు తెచ్చివ్వాలన్నది షరతు. విత్తనాలు నాగుకు ఇచ్చిన లెక్కే! కాకపోతే ఇక్కడ గింజలు వేరొకరివి.

1976 ఫిబ్రవరిలో ఇరవయ్యేళ్ల గేట్స్ బహిరంగ లేఖ రాశాడు. ఆల్టయిర్ కొన్నవారిలో పదిశాతం మంది కూడా బేసిక్ కొనలేదని, తమ కష్టానికి గంటకు రెండు డాలర్లైనా గిట్టలేదని, ఇది దొంగతనమేనని అందులో నిష్ఠూరమాడాడు. సభ్యులకు కోపం వచ్చిన మాట నిజం. అయినా ఆయన ఫిర్యాదులో న్యాయం లేదనలేం. సొంత చిత్రాలు పంచిన వోజ్నియాక్ వేరు, పరాయి టేపు పంచినవారు వేరు.

టామ్ పిట్‌మన్ అనే మరో సభ్యుడు చిన్న బేసిక్ రాసి 5 డాలర్లకే అమ్మాడు. అంత తక్కువ ధరకు దొంగ నకలు తీసే అవసరమే ఉండదని ఆయన లెక్క. కొందరు మొత్తం ప్రోగ్రామునే పత్రికల్లో ప్రచురించి, ఎవరైనా వాడుకోవచ్చన్నారు.

క్లబ్బు 1986లో మూతపడింది. కూడే అలవాటు మాత్రం పోలేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోగల 'పైథాన్' భాషలో పనిచేసేవారు 2023లో హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో జాతీయస్థాయిలో కలిశారు. ఇలాంటి సభల్లో ఎవరైనా పేరు రాయించుకుని అయిదు నిమిషాలు మాట్లాడే వీలుంటుంది. వేదిక ఎక్కడానికి జంకేవారు భోజనాల దగ్గర మాట కలుపుతారు.