చేబ్రోలు పక్కన ఎఫ్రాయిము గోత్రం

తెనాలి నుంచి గుంటూరు వెళ్లే దారిలో నారాకోడూరు దగ్గర ఎడమకి తిరిగితే చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల వరసగా వస్తాయి. చేబ్రోలంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కోనేటి నడుమ వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి. ఆ ఊరిని ఆనుకునే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడి మాదిగపల్లెలో 1991 నుంచి యూదుల సమాజమందిరం ఒకటి నడుస్తోంది. శుక్రవారం పొద్దుగూకాక అక్కడ విశ్రాంతి దినం మొదలవుతుంది. హీబ్రూలో ప్రార్థన చేసేవాళ్లు పగలంతా చేలల్లో కూలికి వెళ్లొచ్చినవాళ్లే. ఇంట్లో మాట్లాడుకునేది మన గుంటూరు తెలుగే.

వీళ్లు తమను బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటారు. ఎఫ్రాయిము సంతతి అని అర్థం. ఎఫ్రాయిము యోసేపు రెండో కొడుకు. అతని పేరుతో ఉన్న గోత్రం 2,700 ఏళ్ల కిందట అష్షూరు రాజుల చేతిలో దేశం పోగొట్టుకుని చెల్లాచెదురైందనీ, అందులో కొందరు పారసీక దేశం, ఆఫ్ఘన్ కొండలు, కశ్మీరం దాటి ఉత్తర భారతానికీ, అక్కణ్ణుంచి తెలుగు నేలకీ చేరారనీ, తాము వాళ్ల వారసులమనీ వీళ్ల నమ్మకం. ఊళ్లో ఈ మతం పాటించేవి నలభై వరకు కుటుంబాలు. మచిలీపట్నం వైపూ కొందరున్నారు.

ఇది రుజువైన చరిత్రా అంటే, కాదు. ఎఫ్రాయిము వాళ్లు కృష్ణా డెల్టాకు వచ్చారని చెప్పే శాసనం గానీ, పాత రాత గానీ దొరకలేదు. ఆ సంగతి మొదటే ఒప్పుకుని ముందుకు వెళ్దాం. ఎందుకంటే ఈ కథలో అసలు పట్టించుకోవలసింది రుజువు ఉందా లేదా అన్నది కాదు, రుజువు ఎవర్ని అడుగుతున్నాం అన్నది.

బైబిలు చదివే ఇళ్లల్లో పెరిగినవాళ్లకి చెర అనగానే బబులోను గుర్తొస్తుంది. నిజానికి చెరలు రెండు. మొదటిది ఉత్తర రాజ్యానిది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యం ఆ రాజ్యపు ముఖ్యపట్టణమైన షోమ్రోనును పట్టుకుంది. తాను 27,290 మందిని అక్కణ్ణుంచి తరలించానని సర్గోను రాజు తన శాసనంలో చెక్కించుకున్నాడు. వాళ్లను హాలహులో, గోజాను నది ఒడ్డున, మాదీయుల పట్టణాల్లో ఉంచారని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. ఆ తర్వాత వాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. తిరిగొచ్చారన్న మాట ఎక్కడా లేదు. ఎఫ్రాయిము అందులోనే పోయింది. రెండోది దక్షిణాన ఉన్న యూదా రాజ్యానిది. క్రీ.పూ. 586లో నెబుకద్నెజరు సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టి జనాన్ని బబులోనుకు తోలుకుపోయింది. యాభై ఏళ్లు తిరక్కుండానే బబులోను కూడా పడిపోయింది. పారసీక రాజు కోరెషు క్రీ.పూ. 538లో, వెళ్లాలనుకున్నవాళ్లు సొంత దేశం వెళ్లి దేవాలయం కట్టుకోవచ్చని సెలవిచ్చాడు. 1879లో బబులోను తవ్వకాల్లో దొరికిన, కోరెషు శాసనం ఉన్న మట్టి స్థూపం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో యూదా పేరు లేదు. చెదిరిన జనాల్నీ, వాళ్ల దేవుళ్లనీ తిరిగి వాళ్ల చోట్లకి పంపించానని మాత్రం ఉంది. ఎజ్రా గ్రంథం చెప్పే కబురు ఆ రాజు పద్ధతికి సరిపోతుంది.

ఎజ్రా రెండో అధ్యాయాన్ని చాలామంది దాటేస్తారు. అన్నీ పేర్లూ లెక్కలే కదా అనుకుంటారు. నాకు మాత్రం ఆ గ్రంథమంతటిలో అది మనసుకి పట్టుకున్న చోటు. తిరుగు ప్రయాణమైన జనం 42,360. దాసదాసీలు 7,337. పాటగాళ్లూ పాటకత్తెలూ 200. గుర్రాలు 736, కంచర గాడిదలు 245, ఒంటెలు 435, గాడిదలు 6,720. గాడిదల దాకా లెక్క రాసిన ఆ లేఖకుడు నడుమ ఒక మాట రాశాడు. దెలాయ్యా, టోబీయా, నెకోదా కుటుంబాల వాళ్లు 652 మంది తమ తండ్రుల ఇల్లు ఏదో, తాము అసలు ఇశ్రాయేలీయులమో కాదో చూపించలేకపోయారట. యాజకుల్లోనూ కొన్ని కుటుంబాల వాళ్లు వంశావళి పుస్తకంలో తమ పేర్లు వెతుక్కుని దొరక్క ఊరుకున్నారు. వాళ్లను యాజకత్వం నుంచి పక్కన పెట్టారు. అయినా ఆ 652 మందిని బబులోనులోనే ఆగిపొమ్మన్నట్టు మాత్రం లేదు. మిగతావాళ్లతో పాటు వాళ్లనీ లెక్కలో వేశారు. వాళ్లూ నడిచారు.

నాలుగో అధ్యాయంలో ఇంకో సంగతి జరిగింది. దేవాలయానికి పునాది పడ్డాక, షోమ్రోను వైపు నుంచి కొందరొచ్చి, మేమూ మీ దేవుడినే వెతుక్కుంటున్నాం, మీతో కలిసి కడతామన్నారు. తిరిగొచ్చినవాళ్ల నాయకుడు జెరుబ్బాబెలు, పెద్దలు కుదరదన్నారు. షోమ్రోను ఎవరి దేశం? ఒకప్పటి ఎఫ్రాయిముది. తిరిగొచ్చిన ఆ మొదటి రోజుల్లోనే, ఎఫ్రాయిము నేల మీద బతుకుతున్నవాళ్లని గడప దగ్గరే ఆపేశారు. కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిము పేరు పెట్టుకుని ఎదురుచూస్తున్న మనుషుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ అధ్యాయమే కళ్లముందు ఉంటుంది.

ఈ గ్రంథాలు కృష్ణా డెల్టా పల్లెల్లోకి ఎలా వచ్చాయో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరులో దిగాడు. తెనాలి, రేపల్లె వైపు లూథరన్ సంఘాలు అలా పెరిగాయి. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల పని. 1878 కరవు నాడు అక్కడి మిషనరీ క్లౌ దొర ఒక్క రోజున 2,222 మందికి బాప్తీస్మం ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలే. బాపట్లలోనూ బాప్టిస్టులు బడులు పెట్టారు. తోలు పనిలో, పాలేరు పనిలో ఉన్న ఇంటి పిల్లలకి పలక దొరికింది, పలకతో పాటు బైబిలు దొరికింది. అందులో ఇటుకలు కోయించే ఫరో ఉన్నాడు. బానిసల్ని నడిపించుకుపోయిన మోషే ఉన్నాడు. చెరా ఉంది, తిరుగు దారీ ఉంది. కొత్త నిబంధన దేవుడి కొడుకు గురించి చెప్పింది. పాత నిబంధన మాత్రం వాళ్లకి ఒక జాతి కథలా వినపడింది. అది తమ కథే అనిపించడంలో నాకు వింతేమీ కనపడదు.

షెమూయేలు యాకోబీ, సాదోకు యాకోబీ అన్నదమ్ములు. ఈ సమాజానికి ఊపిరి పోసింది వాళ్లిద్దరే. షెమూయేలు క్రైస్తవ బోధకుడు. 1980ల మొదట్లో యెరూషలేము వెళ్లొచ్చాడు. తిరిగొచ్చాక హీబ్రూ పట్టుకున్నాడు, యూదు ఆచారాలు పట్టుకున్నాడు. తమ పెద్దలు తరతరాలుగా చెప్పిన మాటల్లో ఇశ్రాయేలు జ్ఞాపకం ఉందని బోధించడం మొదలుపెట్టాడు. మాదిగలు చనిపోయినవాళ్లని పూడ్చే ఆచారమూ, ఎద్దు మాంసం తినడమూ, పెళ్లి చావు తంతులూ మోషే ధర్మశాస్త్రం నాటివంటాడు. 2002లో ఇంగ్లీషులో ‘కల్చరల్ హెర్మెన్యూటిక్స్’ అనే పెద్ద పుస్తకం రాశాడు. చరిత్రకారులు అందులోని వాదాల్ని ఒప్పుకోరు. కానీ ఊరు వెలివాడ అని పేరు పెట్టిన చోట పుట్టిన మనిషి, మేము అంటరానివాళ్లుగా పుట్టలేదు, దేశం పోగొట్టుకున్న జాతిగా వచ్చాం అని తన చరిత్ర తానే రాసుకోవడం చిన్న పని కాదు.

సమాజమందిరం పెట్టింది ఏ ఏడాదో కూడా చూడాలి. 1985 జులైలో కారంచేడులో మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టులో తెనాలి, బాపట్ల నడుమ రైలు దారి పక్కనే ఉన్న చుండూరులో మాలల్ని చంపి కాలవల్లో పడేశారు. ఆ ఏడే కొత్తరెడ్డిపాలెంలో సమాజమందిరం తలుపు తెరిచారు. ఒకదానివల్ల ఒకటి జరిగిందని నేను అనను. ఆ రోజుల్లో ఈ డెల్టాలో దళితులు, మేమెవరం అన్న ప్రశ్నకి ఊరిచ్చిన జవాబును వదిలేసి సొంత జవాబులు వెతుక్కుంటున్నారు. కొందరికి అంబేద్కర్ దారి దొరికింది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మోగింది. కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలకి తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, దొరికింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సమాజం మధ్య పరిశోధన చేసి 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ద్వారా వేసిన పుస్తకం కూడా కులాన్నీ మతాన్నీ పక్కపక్కన పెట్టే చదివింది. వీళ్లు యూదులా కాదా అని తీర్పు చెప్పే పని వాళ్లు పెట్టుకోలేదు. అది నాకు నచ్చింది.

ఏడాదిలో వీళ్ల పండుగలు మన వెన్నెలకు సరిపోయి వస్తాయి. పస్కా ఎక్కువగా చైత్ర పున్నమి దగ్గర పడుతుంది. పులియని రొట్టెలు తినే వారం అది. అప్పటికి మాగాణిలో మినుము తీసేసి ఉంటారు, ఎండలు ముదురుతుంటాయి. పర్ణశాలల పండుగ ఆశ్వయుజ పున్నమి చుట్టూ వస్తుంది. ఆకుల కప్పు కింద, ఆ సందుల్లోంచి చుక్కలు కనపడేలా గుడారం వేసుకుని వారం రోజులు అందులో గడపాలి. ఎడారిలో నలభై ఏళ్లు తిరిగిన పూర్వుల జ్ఞాపకం అది. తాటాకు ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకి ఆకు కప్పడం ఎవరో నేర్పాల్సిన పని లేదు. చెప్పాల్సిందల్లా, ఈసారి వాన కారకుండా కప్పొద్దు అని.

ఇక రుజువు సంగతి. ఈ ఊళ్లో ఒక మనిషి రెండు చోట్ల తానెవరో చూపించుకోవాలి. ఒకటి తహసీల్దారు ఆఫీసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైన మాదిగ ఆంధ్రలో బీసీ-సీ. యూదుడైన మాదిగ ఏ గడిలోనూ లేడు. 2025లో పిట్టలవానిపాలెం మండలం నుంచి వచ్చిన ఒక కేసులో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదని మళ్లీ చెప్పింది. పిల్లల చదువుకి, ఉద్యోగానికి ఆ ధ్రువపత్రం కావాలి. దాంతో కాగితం మీద ఒక పేరు, ప్రార్థనలో ఒక పేరు. ఇది వాళ్లు దొంగతనంగా చేస్తున్న పని అనేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది. అంటరానితనం మతం అడిగి రాలేదు. హోదా మాత్రం మతం అడుగుతోంది.

రెండోది ఇశ్రాయేలు. 1950లో ఆ దేశం చేసిన తిరుగు రాక చట్టం ప్రపంచంలో ఏ యూదుడైనా వచ్చి స్థిరపడవచ్చంది. కొచ్చి యూదులు 1950ల్లోనే చాలావరకు వెళ్లిపోయారు. మహారాష్ట్ర తీరంలోని బెనె ఇశ్రాయేలు వాళ్లు వెళ్లాక కూడా, వీళ్ల వంశం మీద నమ్మకం లేదని అక్కడి మతాధికారులు పెళ్లిళ్ల దగ్గర అడ్డం పడ్డారు. వాళ్లు వీధుల్లోకొచ్చి పోరాడాక, 1964లో ప్రభుత్వం వాళ్లు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. 1991 మేలో ఇథియోపియా నుంచి 14 వేల పైచిలుకు మందిని ఒకటిన్నర రోజులో విమానాల్లో తీసుకెళ్లారు. మణిపూర్, మిజోరం వైపు మనష్షే గోత్రం అని చెప్పుకునే కుకీ, మిజో జనానికి 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ గుర్తింపు ఇచ్చాడు. అయినా శాస్త్రోక్తంగా మతం పుచ్చుకోమన్నారు. వేలమంది వెళ్లారు, ఇంకా వెళ్తున్నారు.

మనష్షే, ఎఫ్రాయిము బైబిల్లో సొంత అన్నదమ్ములు. తాత యాకోబు చేతులు మార్చి పెట్టి, చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద కుడిచేయి ఉంచాడు. కొండల్లో ఉన్న అన్న సంతతికి దారి తెరిచారు. డెల్టాలో ఉన్న తమ్ముడి సంతతికి అలాంటి గుర్తింపు రాలేదు. కులాను అనే అమెరికా సంస్థ వాళ్లలాంటివాళ్లు వచ్చి చూశారు, సాయపడ్డారు. ప్రభుత్వ స్థాయిలో గుర్తింపు లేదు, గుంపుగా వలస లేదు. వీళ్లది పేదరికం నుంచి తప్పించుకునే ఎత్తుగడ అని కొందరంటారు. పేదవాడు భక్తి చూపిస్తే వెనక ఆశ ఉందనడం మనకి బాగా అలవాటు. మూడు నాలుగు దశాబ్దాలు హీబ్రూ అక్షరాలు దిద్దుతూ, సబ్బాతునాడు కూలి మానుకుంటూ, ఏమీ రాని చోట నిలబడ్డవాళ్లని ఆ మాట అనడం అన్యాయం. శనివారం కూలి పోగొట్టుకోవడమంటే ఎంతో ఈ డెల్టాలో ఎవరికి తెలియదు?

కోరెషు సెలవిచ్చినప్పుడు బబులోను నుంచి కదలినవాళ్ల కంటే అక్కడే ఉండిపోయినవాళ్లు ఎక్కువమంది అని చరిత్రకారులంటారు. అక్కడ ఇళ్లూ చేలూ ఉన్నాయి, వ్యాపారాలున్నాయి. దాదాపు వెయ్యేళ్ల తర్వాత యూదులంతా నేటికీ తిరగేసే బబులోను తల్మూదు తయారైంది ఆ ఉండిపోయినవాళ్ల వారసుల బడుల్లోనే. కొత్తరెడ్డిపాలెం నుంచి ఎవరైనా యెరూషలేము వెళ్లగలిగితే వెళ్లాలి, వాళ్ల కోరిక అది. వెళ్లలేకపోతే ఇక్కడే, చేబ్రోలు పక్కనే, తెలుగులో యూదు ప్రార్థనా గ్రంథం వాళ్లే రాసుకుని అచ్చువేసుకునే రోజు రావాలని నా కోరిక. గుంటూరులో అచ్చాఫీసులకి కొదవ లేదు.