టోక్యోలో దర్శనీయ స్థలాలు

టోక్యో జపాన్ దేశపు రాజధాని, ఆ దేశంలోకెల్లా పెద్ద నగరం. ఇది హోన్షూ ద్వీపపు తూర్పు తీరాన, టోక్యో అఖాతం ఒడ్డున ఉన్నది. నగరపు ముఖ్యభాగం 23 ప్రత్యేక వార్డులుగా విభజింపబడినది. ఒక్కొక్క వార్డులో తనదైన చరిత్ర, వృత్తులు, ఉత్సవాలు గల పేటలు అనేకం కలవు. 20వ శతాబ్దంలో ఈ నగరం రెండు మార్లు దగ్ధమయినది: మొదట 1923లో భూకంపం వలన, తరువాత 1945లో వైమానిక దాడుల వలన. అందుచేత ఇక్కడ పురాతనంగా కనిపించే కట్టడాలలో చాలా భాగం పునర్నిర్మాణాలే. ఏ పేట ఎప్పుడు కాలిపోయినది, ఎక్కడ ఏమి మిగిలినది అన్న విషయం తెలిసిన సందర్శకునికి ఈ నగరం చక్కగా బోధపడుతుంది.

చరిత్ర

టోక్యో పూర్వనామం ఎదో. 1457లో ఓతా దోకాన్ అనే యోధుడు ఇక్కడ ఒక కోట కట్టించెను. 1590లో తొకుగావా ఇయెయాసు ఈ కోటను తన స్థావరంగా చేసుకొని, 1603లో షోగన్ పదవిని పొందెను. చక్రవర్తి క్యోటోలోనే ఉన్నప్పటికీ పాలన ఎదో నుండి సాగినది. 1868లో షోగన్ల పాలన అంతరించిన పిమ్మట ఈ ఊరికి 'తూర్పు రాజధాని' అనే అర్థంలో టోక్యో అని పేరు పెట్టి, చక్రవర్తి నివాసాన్ని ఇక్కడికి మార్చారు.

1923 సెప్టెంబరు 1వ తేదీన ఉదయం 11 గంటల 58 నిమిషాలకు మహా కాంటో భూకంపం సంభవించినది. మధ్యాహ్న భోజనానికి ఇంటింటా పొయ్యిలు వెలిగి ఉన్న వేళ అది. ఇళ్ళు కొయ్యవి కావడం, బలమైన గాలి వీచడం వలన మంటలు ఊరంతా వ్యాపించాయి. టోక్యో, యొకొహామా ప్రాంతాలలో మరణించినవారు, జాడ తెలియనివారు కలిసి సుమారు 1,05,000 మంది. 1945 మార్చి 9వ తేదీ రాత్రి నుండి 10వ తేదీ తెల్లవారుజాము వరకు అమెరికా విమానాలు కురిపించిన నిప్పు బాంబుల వలన ఒక్క రాత్రిలోనే దాదాపు లక్షమంది మరణించారని అంచనా. ఈ రెండు సార్లూ ఎక్కువగా నష్టపోయినది సుమిదా నది పరిసరాలలోని శ్రామికుల పేటలే.

నగర స్వరూపం

పాత టోక్యోను రెండు భాగాలుగా చెప్పుకోవడం వాడుక. నదీతీరాన పల్లంలో ఉన్నది 'షితామాచి', అనగా దిగువ ఊరు. ఇక్కడ చేతిపనులవారు, వర్తకులు, జాలరులు నివసించేవారు. పడమటి వైపు మెరకలో ఉన్నది 'యమనోతె'. ఇక్కడ సామంతులకు, సమురాయి కుటుంబాలకు భవంతులు ఉండేవి. పల్లపు పేటలలో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకొని ఉండుటచేత అగ్నిప్రమాదాలు తరచు సంభవించేవి.

రాజప్రాసాదం, టోక్యో స్టేషను

నగరం నడిబొడ్డున, అగడ్తల నడుమ ఉన్న రాజప్రాసాదం పూర్వపు ఎదో కోట స్థలమే. ఆ కోట ప్రధాన బురుజు 1657 నాటి అగ్నిప్రమాదంలో కాలిపోగా, దానిని మరల కట్టలేదు. దాని రాతి పునాదిని ఇప్పటికీ తూర్పు ఉద్యానవనంలో చూడవచ్చును. 1945 మే నెలలో ప్రాసాదం కూడా కాలిపోయినది. ఇప్పటి ప్రాసాదం 1968లో పూర్తి అయినది. తూర్పు ఉద్యానవనంలో ప్రవేశం ఉచితం. సాధారణంగా సోమ, శుక్రవారాలు సెలవు.

సమీపంలోని ఎర్ర ఇటుకల టోక్యో స్టేషను తత్సునో కింగో రూపకల్పనలో 1914లో ప్రారంభమయినది. ఇది 1923 భూకంపాన్ని తట్టుకొన్నది కాని, 1945 బాంబుదాడిలో దాని గుమ్మటాలు, పై అంతస్తు నాశనమయ్యాయి. మిగిలిన రెండంతస్తులకు తాత్కాలికంగా వేసిన కప్పు ఆరు దశాబ్దాలకు పైగా నిలిచినది. 2012లో ఈ భవనాన్ని మొదటి ఆకృతికి తెచ్చారు.

అసాకుసా

షితామాచి పేటలలో ప్రసిద్ధమైనది అసాకుసా. ఇక్కడి సెన్సోజి టోక్యోలోకెల్లా ప్రాచీనమైన బౌద్ధాలయం. క్రీ.శ. 628లో జాలరులైన ఇద్దరు అన్నదమ్ముల వలలో కన్నోన్ ప్రతిమ పడినదని స్థల పురాణం. భారతదేశంలో అవలోకితేశ్వరుడుగా పూజింపబడిన బోధిసత్త్వుడే చైనా మీదుగా జపాన్ చేరి కన్నోన్‌గా ప్రసిద్ధి చెందాడు.

ప్రవేశద్వారమైన కమినారిమోన్‌కు పెద్ద ఎర్ర కాగితపు లాంతరు వేలాడుతూ ఉంటుంది. 1865లో కాలిపోయిన ఈ ద్వారం మత్సుషితా కోనోసుకె అనే పారిశ్రామికవేత్త విరాళంతో 1960లో మరల వెలసినది. ద్వారం దాటిన తరువాత సుమారు 250 మీటర్ల పొడవున నకామిసె అనే అంగళ్ళ వీధి ఉన్నది. ప్రధానాలయం 1945 మార్చి 10న కాలిపోగా 1958లో కాంక్రీటుతో పునర్నిర్మింపబడినది. అయిదంతస్తుల పగోడా 1973 నాటిది. పక్కనే ఉన్న అసాకుసా షింటో ఆలయం మాత్రం 1649 నాటి కట్టడం. రెండు విపత్తులనూ దాటి నిలిచినది. ఆవరణలోని కొన్ని గింకో చెట్ల మీద నాటి మంటల మచ్చలు ఇంకను కనిపిస్తాయి.

సుమిదా నదికి ఆవలి ఒడ్డున 634 మీటర్ల ఎత్తు గల టోక్యో స్కైట్రీ ఉన్నది. 2012లో ప్రారంభమైన ఈ గోపురం మీద 350, 450 మీటర్ల ఎత్తులలో వీక్షణ వేదికలు కలవు. అక్కడినుండి చూస్తే 1945లో కాలిపోయిన పేటలన్నీ పాదాల కింద పరచుకొని కనిపిస్తాయి.

ర్యోగోకు

నదికి తూర్పున ఉన్న ర్యోగోకు సుమో మల్లయుద్ధానికి కేంద్రం. 1985లో ప్రారంభమైన కొకుగికాన్ అనే క్రీడామందిరంలో ప్రతి సంవత్సరం జనవరి, మే, సెప్టెంబరు నెలలలో పోటీలు జరుగుతాయి. దీనికి చేరువలోని యొకొఅమిచో ఉద్యానవనాన్ని చాలామంది యాత్రికులు చూడకుండానే వెళ్ళిపోతారు. 1923లో ఇది ఖాళీ మైదానం. మంటల నుండి తప్పించుకొనడానికి సామానులతో సహా ఇక్కడ చేరిన జనం అగ్ని సుడిగాలిలో చిక్కుకొని, సుమారు 38,000 మంది ఇక్కడే మరణించారు. 1930లో కట్టిన స్మారక మందిరంలో వారి అస్థికలతోపాటు 1945 దాడుల మృతుల అస్థికలు కూడా భద్రపరచబడినవి. భూకంపానంతరం పుకార్లు నమ్మిన మూకల చేతిలోను, సైనికులు, పోలీసుల చేతిలోను హతులైన కొరియన్ల స్మృతికై 1973లో నెలకొల్పిన శిల కూడా ఇక్కడ ఉన్నది. సెప్టెంబరు 1న, మార్చి 10న ఇక్కడ సంస్మరణ కార్యక్రమాలు జరుగుతాయి.

ఉఎనో

ఉఎనో ఉద్యానవనం 1873లో ఏర్పడినది. మార్చి చివర, ఏప్రిల్ మొదట చెర్రీ పూలు చూడడానికి జనం ఇక్కడ వేల సంఖ్యలో చేరుతారు. టోక్యో జాతీయ ప్రదర్శనశాల, 1882లో ప్రారంభమైన జంతుప్రదర్శనశాల ఇందులోనే ఉన్నాయి. లె కార్బూజియె రూపొందించిన పాశ్చాత్య కళల జాతీయ ప్రదర్శనశాల 1959లో ప్రారంభమయినది. 2016లో ఈ భవనము, చండీగఢ్‌లోని కాపిటల్ కాంప్లెక్సు ఒకే ప్రపంచ వారసత్వ సంపద జాబితా అంశంలో భాగంగా చేర్చబడ్డాయి.

ఇక్కడి షినోబజు చెరువు వేసవిలో తామర ఆకులతో నిండిపోతుంది. చెరువు మధ్య ద్వీపంలోని ఆలయ దేవత బెంజైతెన్ మన సరస్వతీ దేవియే. జపాన్‌లో ఈ దేవత చేతిలో వీణకు బదులు బీవా అనే తంత్రీవాద్యం సాధారణంగా కనిపిస్తుంది.

జంతుప్రదర్శనశాలకు ఒక విషాద చరిత్ర ఉన్నది. 1943లో, వైమానిక దాడులలో క్రూరమృగాలు తప్పించుకొంటాయన్న కారణంతో వాటిని చంపవలసినదిగా నగర పాలకులు ఆదేశించారు. మూడు ఏనుగులు ఆహారం లేక మాడి చనిపోయాయి. యుద్ధానంతరం టోక్యో బాలబాలికలు ఒక ఏనుగును పంపమని భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూకు లేఖలు వ్రాశారు. నెహ్రూ 1949లో మైసూరు నుండి ఒక ఆడ ఏనుగును పంపి, దానికి తన కుమార్తె పేరే పెట్టాడు. 'ఇందిర' అనే ఆ ఏనుగు 1983 వరకు జీవించినది.

యనాకా

ఉఎనోకు ఉత్తరాన మెరక మీద ఉన్న యనాకా పేట రెండు విపత్తులలోను చాలావరకు తప్పించుకొన్నది. పాత టోక్యో వీధులు ఎలా ఉండేవో తెలుసుకొనదలచినవారు ఇక్కడికి రావలెను. ఇరుకు సందులు, కొయ్య ఇళ్ళు, చిన్న బౌద్ధాలయాలు, మెట్లదారి దిగితే వచ్చే యనాకా గింజా అంగళ్ళ వీధి ఇక్కడి విశేషాలు. చివరి షోగన్ తొకుగావా యొషినొబు సమాధి యనాకా శ్మశానవాటికలో ఉన్నది. పక్కనే ఉన్న నెజు షింటో ఆలయం 1706 నాటిది. అయితే ఇక్కడి అయిదంతస్తుల పగోడా భూకంపాన్ని, బాంబులను తప్పించుకొని కూడా 1957లో ఆత్మహత్య చేసుకొన్న ఒక జంట పెట్టిన నిప్పుకు కాలిపోయినది. నేడు పునాది రాళ్ళు మాత్రమే మిగిలినవి.

సుకిజి, గింజా

నిహొంబాషి వద్ద ఉండిన పాత చేపల బజారు 1923 భూకంపంలో నాశనమయినది. దాని స్థానంలో 1935లో సుకిజి మార్కెట్టు ప్రారంభమయినది. 2018 అక్టోబరులో టోకు వ్యాపారం తొయొసుకు తరలిపోయినది. సుకిజిలోని వెలుపలి బజారు, భోజనశాలలు మాత్రం కొనసాగుతున్నాయి. సమీపంలోని గింజా ఖరీదైన అంగళ్ళకు పేరొందినది. ఇక్కడి వాకో భవనపు గడియార గోపురం 1932 నాటిది.

హరజుకు, షిబుయా

హరజుకులోని మెయిజీ ఆలయం 1920లో వెలసినది. దేశం నలుమూలల నుండి ప్రజలు కానుకగా పంపిన సుమారు లక్ష మొక్కలను నాటి ఆలయం చుట్టూ అడవిని పెంచారు. ఆలయం 1945లో కాలిపోయి 1958లో మరల నిర్మింపబడినది. అడవి మాత్రం నిలిచినది. ఇది సహజారణ్యమని నేటి సందర్శకులు పొరబడడం పరిపాటి.

షిబుయా స్టేషను ఎదుట హచికో అనే కుక్క విగ్రహం ఉన్నది. 1925లో మరణించిన తన యజమాని, ఆచార్య ఉఎనో కోసం ఆ కుక్క దాదాపు పది సంవత్సరాలు ఇక్కడికి వచ్చి ఎదురుచూచినది. 1934 నాటి మొదటి విగ్రహం యుద్ధకాలంలో లోహం కొరకు కరిగించబడినది. దానిని చెక్కిన శిల్పి 1945 దాడులలో మరణించగా, ఆయన కుమారుడు 1948లో ఇప్పటి విగ్రహాన్ని తయారు చేసెను.

షింజుకు

షింజుకు స్టేషను ప్రపంచంలో అత్యధిక ప్రయాణికులు వాడే స్టేషనుగా పేరొందినది. పడమటి వైపు తాంగె కెంజో రూపొందించిన 243 మీటర్ల నగర ప్రభుత్వ భవనం కలదు. 202 మీటర్ల ఎత్తున ఉన్న దాని వీక్షణ వేదికకు ప్రవేశం ఉచితం. తూర్పు వైపున నకామురాయా అనే భోజనశాల ఉన్నది. 1915లో బ్రిటిషువారి నుండి తప్పించుకొని వచ్చిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్‌కు దీని యజమానులైన సోమా దంపతులు ఆశ్రయమిచ్చారు. 1918లో ఆయన వారి కుమార్తె తొషికోను వివాహమాడెను. ఆయన నేర్పిన భారతీయ పద్ధతి కోడి కూర 1927 నుండి ఇక్కడ వడ్డింపబడుతున్నది.

భారతీయులకు సంబంధించిన ఇతర స్థలాలు

సుగినామి వార్డులోని రెంకోజి బౌద్ధాలయంలో సుభాష్ చంద్రబోస్‌వని చెప్పబడే అస్థికలు భద్రపరచబడినవి. ఆవరణలో ఆయన విగ్రహం కలదు. ఎదోగావా వార్డులోని నిషికసాయి పేటలో 2000 సంవత్సరం ప్రాంతం నుండి భారతీయ సాఫ్ట్‌వేరు నిపుణుల కుటుంబాలు స్థిరపడుతూ వచ్చాయి. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. భారతీయ పచారీ దుకాణాలు, భోజనశాలలు ఇక్కడ లభ్యం.

ప్రయాణ సౌకర్యాలు

నగరం చుట్టూ తిరిగే యమనోతె రైలు మార్గం పొడవు 34.5 కిలోమీటర్లు, స్టేషన్లు 30. ఒక చుట్టుకు సుమారు గంట పడుతుంది. ఉఎనో, టోక్యో, షిబుయా, హరజుకు, షింజుకు స్టేషన్లు ఈ మార్గంలోనే ఉన్నాయి. అసాకుసా చేరడానికి భూగర్భ రైలు అనుకూలం. టోక్యోలో చాలా వీధులకు పేర్లు లేవు. చిరునామాలు పేట, విభాగం, ఇంటి సంఖ్యల ప్రకారం వ్రాయబడతాయి. దారి తెలియనివారు కూడళ్ళలో ఉండే 'కోబాన్' అనే చిన్న పోలీసు ఠాణాలలో అడగవచ్చును. జూన్, జూలై నెలలు వానకాలం, ఆగస్టులో ఉక్క అధికం. చెర్రీ పూలకు మార్చి చివరి వారం, రంగుమారిన ఆకులకు నవంబరు చివరి రోజులు అనుకూలమైన కాలం.