కణాల రాయబారం

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి ఏలూరు వైపు జాతీయ రహదారిపై సాగితే గన్నవరం, హనుమాన్ జంక్షన్ పరిసరాలలో కోళ్ల ఫారాలు కనిపిస్తాయి. వాటిని నడిపే రైతులను పీడించే వ్యాధులలో గంబోరో ఒకటి. మూడు నుంచి ఆరు వారాల వయసున్న కోడిపిల్లలకు ఇది ఎక్కువగా సోకుతుంది. బతికి బయటపడిన పిల్లలు పైకి కోలుకున్నట్లే ఉంటాయి. కాని ఆ తరువాత కొక్కెర తెగులుకు టీకా వేస్తే అది సరిగా పట్టదు. టీకా మంచిదే, వేసిన చెయ్యీ మంచిదే. లోపమంతా కోడిపిల్ల శరీరంలోనే ఉంది. మలద్వారానికి పైభాగాన ఉండే ఒక చిన్న సంచిని వైరస్ అప్పటికే ధ్వంసం చేసింది.

ఆ సంచి పేరు ఫాబ్రీషియస్ బర్సా. ఇటలీలోని పాదువా నగరంలో బోధించిన ఫాబ్రీషియస్ దానిని వర్ణించాడు. ఆ రచన ఆయన మరణానంతరం 1621లో వెలువడింది. అది ఎందుకున్నదో మాత్రం మూడు శతాబ్దాలకు పైగా ఎవరికీ తెలియలేదు. 1950లలో అమెరికాలోని ఒహాయోలో బ్రూస్ గ్లిక్ అనే పరిశోధక విద్యార్థి కొన్ని కోడిపిల్లలకు బర్సాను తొలగించి పెంచాడు. తోటి విద్యార్థి టిమొతీ చాంగ్ తరగతిలో ఒక ప్రయోగం చూపడానికి ఆ కోళ్లనే వాడుకున్నాడు. సాల్మొనెల్లా ప్రతిజనకాన్ని ఎక్కించినా వాటి రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టలేదు. ఆనాటి పాఠం చెడిపోయింది గాని, ఒక రహస్యం బయటపడింది. 1956లో ఆ ఫలితం కోళ్ల శాస్త్రానికి సంబంధించిన పత్రికలో అచ్చయింది. ప్రతిరక్షకాలను తయారు చేసే కణాలకు 'బి' అనే పేరు ఈ బర్సా నుంచే వచ్చింది.

శరీరంలో ప్రవేశించి రక్షణ వ్యవస్థను మేల్కొలిపే పదార్థం ప్రతిజనకం. దానిని గుర్తించి బంధించే ప్రోటీను ప్రతిరక్షకం.

క్షీరదాలకు బర్సా లేదు. మనిషిలోను ఎలుకలోను బి కణాలు ఎముక మజ్జలో పుడతాయి. అవి పనిచేసే తీరును శాస్త్రవేత్తలు ప్రధానంగా ప్రయోగశాలలోని చిట్టెలుకలలో పరిశీలించారు. చిట్టెలుక గర్భధారణ కాలం సుమారు మూడు వారాలే. తరతరాలుగా ఒకే వంశంలో సంకరం చేసినందువల్ల ఒక జాతి ఎలుకలన్నీ జన్యుపరంగా దాదాపు ఒక్కటే. పైగా కావలసిన జన్యువును తొలగించి, దాని లోటు వల్ల ఏమి జరుగుతుందో చూడవచ్చు.

1961లో జాక్వెస్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి థైమస్ గ్రంథిని తొలగించి, వాటి రోగనిరోధక శక్తి కుంటుపడడం గమనించాడు. 1968లో ఆయన గ్రహమ్ మిచెల్‌తో కలిసి మరో ముందడుగు వేశాడు. ప్రతిరక్షకాలను తయారు చేసేవి మజ్జ నుంచి వచ్చిన కణాలే అయినా, థైమస్ నుంచి వచ్చిన టి కణాలు తోడు లేనిదే అవి ఆ పనిని చక్కగా చేయలేవని నిరూపించాడు.

ఈ తోడు ఎందుకు? ప్రతిజనకం వచ్చి తన గ్రాహకానికి తగులుకోగానే బి కణానికి మొదటి సంకేతం అందుతుంది. అంతమాత్రాన అది ప్రతిరక్షకాలను కుమ్మరించడానికి సిద్ధపడదు. పట్టుకున్న ప్రతిజనకాన్ని లోపలికి తీసుకొని, ముక్కలు చేసి, ఒక ముక్కను తన ఉపరితలంపై ప్రదర్శిస్తుంది. ఆ ముక్కనే గుర్తించగల టి కణం వచ్చి తాకినప్పుడు, టి కణంపై ఉన్న ఒక అణువు బి కణంపై ఉన్న సీడీ 40 అనే గ్రాహకంతో కలుస్తుంది. ఇది రెండవ సంకేతం. బి కణాలలో కొన్ని పొరపాటున సొంత శరీరాన్నే పట్టుకొనేవి ఉంటాయి కనుక, ఒక్కదాని తీర్పుపై ఆధారపడకుండా ప్రకృతి ఈ రెండవ అనుమతిని పెట్టింది. సీడీ 40తో కలిసే అణువు లోపించిన మగపిల్లలు కొందరు ఉన్నారు. ఆ లోపానికి కారణమైన జన్యువును 1993లో గుర్తించారు. వారి బి కణాలు తొలిరకమైన ఐజీఎమ్‌ను తయారు చేస్తాయి గాని, తరువాతి తరగతులైన ఐజీజీ, ఐజీఏలకు మారలేవు. మరుసటి సంవత్సరం ఆ జన్యువును తొలగించిన ఎలుకలలోనూ ఇటువంటి లోపమే కనిపించింది.

తాకిడితో పాటు టి కణం కొన్ని చిన్న ప్రోటీన్లను కూడా విడుదల చేస్తుంది. వీటిని సైటోకైన్లు అంటారు. మహాభారతంలో ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, శ్రీకృష్ణుడు రాయబారాలు నడిపారు. తిక్కన ఉద్యోగపర్వం చదివినవారికి తెలుసు, దూత మాట ఎంత గొప్పదైనా వినేవాడిని బట్టే దాని ఫలితం. సైటోకైన్ల సంగతీ అంతే. దానికి తగిన గ్రాహకం ఉన్న కణమే ఆ మాట వింటుంది. 1982లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో మారీన్ హోవర్డ్, విలియం పాల్ కనుగొన్న ఇంటర్‌ల్యూకిన్-4 ఇటువంటి దూత. అది అందితే ఎలుక బి కణం ఐజీజీ-1, ఐజీఈ తరగతుల వైపు మళ్లుతుంది. గామా ఇంటర్‌ఫెరాన్ అందితే ఐజీజీ-2ఎ వైపు మళ్లుతుంది. 1987లో వెలువడిన ఈ ఫలితం నాకు ఎంతో అపురూపంగా తోస్తుంది. బి కణం అదే, శత్రువూ అదే. వచ్చిన దూతను బట్టి ఆయుధం మారింది.

దూతలు మితిమీరినా ముప్పే. బి కణాలను బతికించి ఉంచే బాఫ్ అనే అణువును ఎలుకలలో అధికంగా ఉత్పత్తి చేయిస్తే, వాటికి మానవులలోని లూపస్‌ను పోలిన వ్యాధి వచ్చిందని 1999లో తేలింది. సొంత శరీరంపైనే ప్రతిరక్షకాలు తిరగబడ్డాయి. ఈ అణువును అడ్డగించే బెలిముమాబ్ అనే మందుకు 2011లో అమెరికాలో లూపస్ చికిత్సకై అనుమతి లభించింది.

బి కణాలను దాటి చూసినా, సంకేతాల కలయికే కీలకమని చాటిన పరిశోధన ఒకటి మన తెలుగువారిది. కొత్తగూడెంలో డిగ్రీ చదివి, ఉస్మానియాలో డాక్టరేట్ పొందిన కన్నెగంటి తిరుమలాదేవి అమెరికాలోని మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ ఆస్పత్రిలో పరిశోధనలు చేస్తున్నారు. ఆమె బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, టీఎన్‌ఎఫ్, గామా ఇంటర్‌ఫెరాన్ అనే రెండు సైటోకైన్లు కలిసి వస్తే మాక్రోఫేజ్ కణాలు తీవ్రమైన శోథతో కూడిన మరణానికి గురవుతాయి. విడివిడిగా ఏ ఒక్కటీ ఆ పని చేయలేదు. ఆ రెండింటినీ నిరోధించినప్పుడు కోవిడ్ వైరస్ సోకిన ఎలుకలు మరణం నుంచి రక్షణ పొందాయి.

అయితే ఎలుక మనిషి కాదు. 1952లో ఓగ్డెన్ బ్రూటన్ అనే వైద్యుడు తరచూ న్యుమోనియాతో బాధపడే ఎనిమిదేళ్ల బాలుని రక్తంలో గామా గ్లోబులిన్లు లేవని కనుగొన్నాడు. దీనికి కారణమైన జన్యువు 1993లో దొరికింది. దానికి బ్రూటన్ పేరు మీదుగా బీటీకే అని పేరు పెట్టారు. బి కణం గ్రాహకం నుంచి వచ్చిన సంకేతాన్ని లోపలికి చేరవేసే ఎంజైము అది. అదే జన్యువు చెడిన ఎలుకలూ ఉన్నాయి. బాలునిలో బి కణాలు దాదాపు శూన్యం. ఎలుకలో మాత్రం అవి తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. కొన్ని బాక్టీరియాల చక్కెర పొరపై ప్రతిరక్షకాలను తయారు చేయడం మాత్రం వాటికి చేతకాదు. ఎలుకలో మరో ఎంజైము కొంతవరకు ఆ పనిని నెరవేరుస్తుంది. మనిషికి ఆ ఆసరా చాలదు. ఎలుకను మాత్రమే చూచి ఉంటే ఈ జన్యువు లోటును చిన్నదిగానే తలచేవారు. అటువంటి పిల్లలు నేడు దాతల ప్లాస్మా నుంచి తీసిన ప్రతిరక్షకాలను క్రమం తప్పకుండా ఎక్కించుకుంటూ జీవిస్తున్నారు.