కొట్టమున పుట్టిన కారు

కారు వేగముగా పోవలెనన్నచో పెద్ద ఇంజను కావలయునని లోకమున ఒక గట్టి నమ్మకము కలదు. అది అసత్యము కాదు గాని, అందలి సత్యము తిన్నని బాటకే చెల్లును. మలుపు తిరుగునప్పుడును, బ్రేకు వేయునప్పుడును ఇంజనులోని అశ్వశక్తి అక్కరకు రాదు, బండి బరువునంతయు నాలుగు టైర్లే ఆపవలెను, త్రిప్పవలెను. అదే ఇంజనుతో బరువు సగమైనచో త్వరణము ఇబ్బడి యగుటయే గాక, బ్రేకులు, స్ప్రింగులు, చక్రములు, ఇరుసులు అన్నియు చిన్నవైనను సరిపోవును. అవి చిన్నవైన కొలది బరువు మరికొంత తగ్గును. లాభము లాభమును కనుచు పోవు ఇట్టి లెక్క యంత్రశాస్త్రమున అరుదు. తొలిసారి తన చేతులతో స్పోర్ట్స్ కారు కట్టుకొనదలచిన వాడు తేలిక బండినే ఏల ఎన్నుకొనుచున్నాడనుటకు వేరు కారణము వెదకనక్కరలేదు.

ఈ లెక్కను ఆచరణలో పెట్టిన వారిలో నాకు మిక్కిలి ఇష్టుడు లోటస్ కార్ల నిర్మాత కాలిన్ చాప్మన్. లండను యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగు, అనగా వంతెనలును భవనములును నిలుచు విధమును చదివిన ఈ యువకుడు, తరువాత తనకు భార్యయైన హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల ఇంటి వెనుక, మస్వెల్ హిల్‌లోని ఒక షెడ్డులో, తన యీడుదేయైన 1928 నాటి ఆస్టిన్ సెవెన్ కారును విప్పి, దాని పై తొడుగును పారవైచి, అల్యూమినియపు రేకు అతికించిన ప్లైవుడ్‌తో క్రొత్త తొడుగు కట్టి, 1948లో తన మొదటి లోటస్‌ను సిద్ధము చేసెను. పాత బండ్ల సంతలో ఆస్టిన్ సెవెన్‌కు మించిన ముడిసరుకు ఆనాడు ఇంగ్లండున లేదు, 747 సి.సి. ఇంజను, ఇద్దరు ఎత్తగల చట్రము, ఎక్కడబడిన అక్కడ దొరకు విడిభాగములు, చేతిలో స్పానరు పట్టగల ప్రతివాని స్తోమతకు అందు వెల.

ఆ బండ్లతో పందెములాడుటకై 750 మోటార్ క్లబ్ నియమములు చేసినది. నియమములున్నచోట వాటి సందులు వెదకువారు ఉండకపోరు. ఆస్టిన్ సెవెన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలియు పెట్రోలును కలసి లోపలికి పోవు ద్వారములు రెండే. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లు ఒకే ద్వారమునుండి ఒకదాని వెంట ఒకటి పీల్చుకొనవలసి వచ్చి, ఒకదాని వాటా మరొకటి దోచుకొనుచుండెను. 1951 నాటి తన మూడవ కారులో చాప్మన్ ఆ ద్వారములను మధ్యలో తడికతో విభజించి, ప్రతి సిలిండరునకు వేరు దారి కల్పించెను. తోటి పందెగాండ్లు వెనుకబడిరి; క్లబ్ వారు త్వరలోనే నియమమును సవరించి ఆ ఉపాయమును నిషేధించిరి. నిషేధింపబడుట ఇంజనీరునకు దొరకు పతకములలో ఉత్తమమైనదని నా అభిప్రాయము.

అయినను అసలు విద్య ఇంజనులో లేదు, చట్రములో ఉన్నది. ఆస్టిన్ సెవెన్ చట్రము ఒకవైపు తెరచియున్న ఉక్కు చానెళ్ళతో చేసినది. ఒక సన్నని గొట్టమును నిలువునా చీల్చినచో అది మెలిని ఆపు శక్తిని ఎంత కోల్పోవునో లెక్కించి చూడవచ్చును. గోడ నడిమి వరకు గల వ్యాసార్ధమును గోడ మందముతో భాగించి, వర్గము చేసి, మూడుతో గుణించిన సంఖ్యయే ఆ నిష్పత్తి. అంగుళము వ్యాసము, 1.6 మిల్లీమీటర్ల గోడ కల గొట్టమునకు అది ఇంచుమించు 160. అనగా, బరువు వీసమైనను తగ్గకుండ, కేవలము ఒక చీలికతో గొట్టము నూట అరువదవ వంతు బిగువునకు పడిపోవును! పోస్టుకార్డును చుట్టి, అంచులు జిగురుతో అతికి ఒకమారు, అతుకు విప్పి మరొకమారు మెలిపెట్టినచో సంగతి వ్రేళ్ళకే తెలియును.

1952 ప్రాంతమున హార్న్సీలో, తన తండ్రిగారి హోటలు వెనుకనున్న పాత గుర్రపుశాలలో కార్ఖానా పెట్టుకొని చాప్మన్ రూపొందించిన ఆరవ లోటస్‌కు చానెళ్ళు లేవు. సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగా కూర్చిన పంజరమే దాని చట్రము. దాని తూకము సుమారు 25 కిలోలు మాత్రమే.

ఈ పాఠము చెప్పినప్పుడొకసారి తరగతిలో ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, నాలుగు మూలలూ గట్టిగా వెల్డింగ్ చేసేశాక మధ్యలో ఐమూలగా ఇంకో పైపు దండగ కదండీ?” అని అడిగెను. మంచి ప్రశ్న. నాలుగు భుజముల ఆకారము తన భుజముల పొడవు మారకుండగనే ప్రక్కకు వాలగలదు. దానిని ఆపునది మూలలలోని అతుకుల బిగువు మాత్రమే, ఆ బిగువునకు గొట్టములు వంగక తప్పదు. త్రిభుజము అట్లు కాదు. ఏదో ఒక భుజము సాగినగాని, కురుచయైనగాని దాని రూపు మారదు. ఉక్కును వంచుట సులభము, సాగదీయుట దుర్ఘటము. వంగునప్పుడు గొట్టపు పై, క్రింది అంచులే ఎక్కువ శ్రమపడును. సాగునప్పుడు కోతలోని ప్రతి కణమును సమముగా పనిచేయును. ఐమూల గొట్టము చేయునదెల్ల వంపును లాగుడుగా మార్చుటయే.

మెలి సంగతి ఇంకను రసవత్తరము. ఎగుడుదిగుడు నేలమీద వేసిన నులకమంచమును చూడుడు: పట్టెలు వదులైన పాత మంచము తానే మెలిదిరిగి నాలుగు కోళ్ళను నేలకు ఆనించును, క్రొత్తగా బిగించినదానికి ఒక కోడు గాలిలో నిలుచును. అట్లయిన కారు చట్రమును వదులుగా ఉండుటయే మేలు కాదా యని తోచవచ్చును. పాతకాలపు నిర్మాతలు ఇంచుమించు అట్లే చేసిరి. స్ప్రింగులను బిగువుగా పెట్టి, చట్రమును మెలిదిరుగనిచ్చిరి. చాప్మన్ దానిని తలక్రిందులు చేసెను: చట్రము కఠినము, స్ప్రింగులు మృదువు. ఏలయన, మెలిదిరుగు చట్రము కూడ ఒక స్ప్రింగే. కాని దాని ఊగును అణచుటకు షాక్ అబ్సార్బరు లేదు, అది కదలినప్పుడెల్ల చక్రముల కోణములు తమ ఇచ్చవచ్చినట్లు మారును. మలుపులో ముందు చక్రములు ఎంత భారము మోయవలెను, వెనుకవి ఎంత మోయవలెనని నిర్ణయించు అధికారము నిర్మాత చేతినుండి జారిపోవును.

చట్రమును ఒక పెట్టెగా తలచుడు. పెట్టెకు ఆరు ముఖములున్నవి. మెలిని ఆపవలెనన్న ఆరింటను ఐమూల కమ్మి గాని, రేకు గాని ఉండవలెను. కాని మనిషి కూర్చుండుటకు పై ముఖము తెరచి ఉంచక తప్పదు, ఇంజను పైకి తీయుటకు దాని గదిమీదను అడ్డము వేయరాదు. పైకప్పు లేని స్పోర్ట్స్ కారు నిర్మాణమంతయు ఈ రెండు రంధ్రములతో పోరాటమే. అడుగునను, గేరుబాక్సు వెనుకటి సొరంగమునకును అల్యూమినియపు రేకులను రివెట్లతో బిగించి, ఆ రేకులచేతనే ఐమూల కమ్మి పని చేయించుట చాప్మన్ సమాధానము.

1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఈ విద్యకు పరిపక్వ రూపము. పూర్తిగా కూర్చిన కారుమీద బ్రిటనులో కొనుగోలు పన్ను ఉండెను; విడిభాగములుగా అమ్మినచో లేదు, అయితే కూర్పు విధానము తెలుపు పుస్తకమును జతచేయరాదు. అందుచేత లోటస్ వారు విప్పు విధానము వ్రాసి ఇచ్చిరనియు, కొన్నవారు దానిని తుదినుండి మొదటికి చదువుకొనిరనియు ప్రసిద్ధమైన కథ. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయినది. ఆ యేడే నిర్మాణ హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి చేరినవి. 1996లో రాన్ చాంపియన్ అను ఉపాధ్యాయుడు 250 పౌండ్లకే ఇట్టి కారు కట్టుకొనవచ్చునని పుస్తకము వ్రాసెను. అంగుళపు చదరపు గొట్టము, ఒక పాత ఫోర్డ్ ఎస్కార్ట్ కలసి ‘లోకాస్ట్’ అను బండియైనవి. ఎస్కార్ట్‌లు అపురూపమైన పిదప సియెరా, మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఆ పాత్రకు వచ్చినవి.

ఇంజను ముందువైపు పొడుగునా ఉండి వెనుక చక్రములను త్రిప్పు బండియే ఇట్లు విడిభాగములకై విప్పుటకు తగును. ఇరుసు, గేరుబాక్సు, స్టీరింగు అన్నియు ఒకే బండినుండి తీసినచో తగవులుండవు. ఎవరో సగములో విడిచిన చట్రమును కొనువారు ముందు టేపు తీసి మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలువవలెను. అవి సమానము కానిచో రంగు ఎంత మెరసినను కొనరాదు. స్వయముగా మొదలుపెట్టువారికి మొదటి పనిముట్టు సమతలమైన బల్ల. దానిమీద నడిమి గీత గీచి, చట్రమును నిజ పరిమాణమున చిత్రించి, గొట్టములను కోసి పరచి, ముందు టాకులు, అనగా చుక్కల వెల్డింగు మాత్రమే వేయవలెను. అన్ని కొలతలు సరిపడిన పిమ్మటనే, వేడికి ఉక్కు ఒకవైపు లాగకుండ మూలమార్చి మూలకు పూర్తి వెల్డింగు చేయవలెను.

మన దేశమున ప్రతి నమూనాకును ముందుగా ఆమోదము కావలయును గనుక ఇంట కట్టిన కారు రోడ్డెక్కుట కష్టము. అయినను 2007 నుండి జరుగుచున్న ‘బాజా’ అను బండి నిర్మాణ పోటీలలో మన ఇంజనీరింగు విద్యార్థులు ఇట్టి గొట్టముల చట్రములనే కట్టుచున్నారు. అట్టి వారికి నా మనవి ఒక్కటే: ఉక్కు కొనకముందు వెదురుపుల్లలతో పదవ వంతు నమూనా అతికించి, రెండు కొనలు పట్టి మెలిపెట్టి చూడుడు, ఎక్కడ మెదలునో అక్కడ ఐమూల పుల్ల వేసి మరల చూడుడు. పాత బండికై వెదకుట ఆ తరువాత.