ఆటలు నేర్పిన విద్య

ఆటలయందు పిల్లలకు గల ప్రీతి సహజమైనది. ఒకప్పుడు వీధి అరుగులపై గోళీలు, గచ్చకాయలు, పులి-మేక మొదలగు ఆటలు సాగెడివి. నేడు వానితోపాటు కంప్యూటరు ఆటలును ఇండ్లలో ప్రవేశించినవి. వీనివలన కాలము వ్యర్థమగునని పెద్దలు చింతింతురు. ఆ చింత నిష్కారణమైనది కాదు. గంటల తరబడి ఆడినంత మాత్రమున ఎవ్వరికిని విద్య అబ్బదు. కాని కొందరు పిల్లలు ఆటను ఆడి ఊరకుండక, “ఇది ఎట్లు నడచుచున్నది?” అని తమ్ము తామే ప్రశ్నించుకొనిరి. ఆ ప్రశ్న వారిని ఎంత దూరము కొనిపోయెనో తెలిసికొందము.

1980 ప్రాంతమున గృహములకు వచ్చిన చిన్న కంప్యూటర్లు నేటివానివలె ఆటలతో నిండి యుండెడివి కావు. టెలివిజనుకు తగిల్చి మీట నొక్కినచో, తెరపై ఒకటి రెండు పంక్తులు మాత్రమే కనిపించెడివి. ఆట కావలెనన్నచో, పుస్తకములలోను పత్రికలలోను అచ్చుపడిన ప్రోగ్రామును చూచి, పంక్తి వెంట పంక్తిగా కీబోర్డుపై కొట్టుట ఒక మార్గము. ప్రోగ్రామనగా యంత్రము చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆజ్ఞల సముదాయము. ఆ ఆజ్ఞలు తరచుగా బేసిక్ అను సులభమైన భాషలో నుండెడివి. ఒక్క గుర్తు తప్పినను ఆట నడవదు. తప్పు ఎచ్చట నున్నదో కనుగొనుటకు ప్రతి పంక్తిని చదివి, దాని పని యేమో గ్రహింపవలెను. ఇట్లు ఆటకొరకు కూర్చున్న బాలుడు తనకు తెలియకయే విద్యార్థి యగుచుండెను.

ఇట్టి బాలురలో లినస్ టోర్వాల్డ్స్ ఒకడు. అతడు 1969లో ఫిన్లాండు దేశపు ముఖ్యపట్టణమగు హెల్సింకిలో జన్మించెను. అతని మాతామహుడు అచ్చటి విశ్వవిద్యాలయమున సంఖ్యాశాస్త్రాచార్యుడు. సుమారు 1981లో ఆయన విక్-20 అను చిన్న కంప్యూటరును కొనెను. దాని జ్ఞాపకశక్తి 5 కిలోబైట్లు. అనగా సుమారు ఐదువేల అక్షరములు పట్టునంతటిది. తాతగారు ప్రోగ్రాములను కాగితముపై వ్రాసి యిచ్చెడివారు. మనుమడు ఆయన ఒడిలో కూర్చుండి వానిని యంత్రములో ఎక్కించెడివాడు. తరువాత ఆ బాలుడు యంత్రముతో వచ్చిన పుస్తకమును చదివి, అందలి ఆటలను తానే ఎక్కించి చూచెను. సరిగా ఎక్కించినచో తెరపై ఒక మనిషి బొమ్మ నడచిపోవును. ఒక అంకెను మార్చినచో ఆ బొమ్మ రంగు మారును. ఆడువానికి ఆ బొమ్మ వినోదము. మార్చిన వానికి అది తన మాట వినిన యంత్రము. ఈ రెండవ ఆనందమే అతనిని విడువకుండ పట్టుకొనెను.

కొన్ని సంవత్సరములకు లినస్ తాను కూడబెట్టిన సొమ్ముతో సింక్లెయిర్ క్యూఎల్ అను మరియొక యంత్రమును కొనెను. దానికి తగిన ప్రోగ్రాములు ఫిన్లాండులో దొరకుట అరుదు. లేనివానికై విచారింపక, కావలసిన పరికరములను అతడు తానే వ్రాసికొనెను. ప్రసిద్ధమైన ప్యాక్‌మ్యాన్ ఆటను పోలిన ఆట నొకదానిని సైతము రచించెను. కొరతయే అతనికి గురువాయెను.

1991 జనవరిలో, విశ్వవిద్యాలయ విద్యార్థిగా నున్నప్పుడు, అతడు అంతకంటె శక్తిమంతమైన కంప్యూటరును కొనెను. దానికై కోరిన మినిక్స్ అను వ్యవస్థ చేతికి వచ్చువరకు, ప్రిన్స్ ఆఫ్ పర్షియా అను ఆట ఆడుచు కాలము గడిపెను. మినిక్స్ వచ్చిన పిమ్మట, ఆ యంత్రమును అంతరంగమువరకు తెలిసికొనగోరి ఒక ప్రోగ్రామును ఆరంభించెను. అది క్రమక్రమముగ పెరిగి, కంప్యూటరు నంతటిని నడుపు వ్యవస్థకు కేంద్రభాగ మాయెను. 1991 ఆగస్టు 25వ తేదీన అతడు దానినిగూర్చి లోకమునకు తెలుపుచు, ఇది వినోదమునకు చేయుచున్న పని యనియు, పెద్దది కాబోదనియు చెప్పెను. అదియే లినక్స్. దాని మూలపాఠమును ఎవ్వరైనను చదువవచ్చును, మార్పవచ్చును, ఇతరులకు పంచవచ్చును. అందుచే అనేక దేశముల వారు దానిని సరిదిద్ది పెంచిరి.

అదే సమయమున స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు వెబ్‌ను రూపొందించి, 1991 ఆగస్టులోనే దానిని బయటివారికి తెలియజేసెను. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దానిని ఎల్లరకు ఉచితముగ నొసగెను. వెబ్ పుటలను భద్రపరచి, అడిగినవారికి పంపు కంప్యూటరును సర్వరందురు. వెల లేని లినక్స్ ఆ పనికి మిక్కిలి అనువైనదాయెను. నేడు వెబ్ సర్వర్లలో అధికభాగము దానిపై నడచుచున్నవి. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా పుటలు సైతము లినక్స్ సర్వర్లనుండియే మనకు చేరుచున్నవి. హెల్సింకి బాలుని కుతూహల ఫలమును మనము ఇచ్చట అనుభవించుచున్నాము.

ఆటకును వెబ్ పుటకును సంబంధమేమి అని మీరు అడుగవచ్చును. ఆటలో మీరు మీట నొక్కుదురు, యంత్రము నియమమును పరిశీలించును, తెర మారును. “బంతి గోడను తాకినచో వెనుకకు మరలవలెను, ప్రాణములు తీరినచో ఆట ముగియవలెను” అనునట్టివి ఆ నియమములు. పరీక్షాఫలితముల పుటలో జరుగునదియు నిట్టిదే. మీరు హాల్‌టికెట్టు సంఖ్యను వ్రాసి మీట నొక్కుదురు. సంఖ్య సరికానిచో పుట హెచ్చరించును. సరియైనచో సర్వరు పట్టికలో వెదకి మార్కులను పంపును. పుటలోని శీర్షికలను, పేరాలను, గళ్లను ఏర్పరచునది హెచ్‌టీఎంఎల్; రంగును, అమరికను ఇచ్చునది సీఎస్ఎస్; మీట నొక్కినప్పుడు కదలికను కల్పించునది 1995లో పుట్టిన జావాస్క్రిప్ట్. బంతిని మరలించు నియమమును వ్రాయగలిగిన వానికి సంఖ్యను పరీక్షించు నియమము క్రొత్త కాదు.

నేటి ఫోను ఆటలు చాలవరకు మూసిన పెట్టెలవంటివి. వానిని ఆడవచ్చును గాని లోపల నేమున్నదో సులభముగ చూడజాలము. వెబ్ పుట అట్లు కాదు. కంప్యూటరుపై బ్రౌజరులో ఒక పుటను తెరచి, మూలపాఠమును చూపుమని కోరినచో అది చూపును. సర్వరులో జరుగు పని కనిపింపదు గాని, తెరకు వచ్చిన దెల్ల చదువవచ్చును. ఆ పాఠమును చదివి, సాధారణమైన ఫైలులో మీ పేరుతో ఒక చిన్న పుటను వ్రాసి చూడుడు. దానికి సర్వరు అక్కరలేదు, వ్యయము లేదు. మొదట తప్పులు దొరలును. తప్పును వెదకుటయే ఈ విద్యలో తొలి పాఠము.

ఆట ఆడుట దోషము కాదు. ఆడినంతనే తృప్తి చెంది లేచిపోయినచో అది వినోదముగానే మిగులును. ఆటను నడుపుచున్న నియమమును వెదకిన వానికి అదియే విద్యాభ్యాస మగును.