రక్తపిశాచ ప్రణయము — చలనచిత్రములు, తెలుగు సంప్రదాయము

పాశ్చాత్య చలనచిత్రములందు "వాంపైరు" అనబడు రక్తపిశాచము మొదట భయానకరసమునకు ఆలంబనమై, పిదప శృంగారనాయక పదవి నందినది. చచ్చియు చావక, సజీవుల నెత్తురు త్రావి కాలము గడపు నీ జీవియు మన బేతాళుడును ఒకటేయను మాట లోకమున వ్యాపించియున్నది. ఆ మాట నిలువదనియు, మన వాఙ్మయమున దీనికి సరియైన జోడు వేఱొకచోట గలదనియు చూపుట యీ వ్యాసమున నా తలంపు.

ఈ విచారమునకు హైదరాబాదు నందలి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము తగిన చోటు. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన యా విద్యాపీఠమున తెలుగు శాఖకు అధిపతియై యుండినవారు అమలిన శృంగారవాది రాయప్రోలు సుబ్బారావుగారు (1892–1984). ఆ ప్రాంగణముననే తార్నాక వైపున 1958లో ఆంగ్లభాషాబోధనకై నెలకొల్పబడిన సంస్థ నేడు ఆంగ్ల, విదేశీభాషా విశ్వవిద్యాలయ మనబడుచున్నది. తెలుగు వాఙ్మయ మొక వంకను, ఆంగ్ల వాఙ్మయ మొక వంకను చదువువా రొకే త్రోవను తార్నాక చేరుచుందురు. తార్నాక యనగా తీగకంచె వేసిన కావలిచోటు. నిజాముల కాలమున నచ్చటి తోట కట్టి కావలి యుండెనని చెప్పుదురు. ఇంటివారు పిలువనిదే గడప దాటలేని పిశాచమునుగూర్చి ముచ్చటించుట కా పేరు కలిసివచ్చినది.

బేతాళుని విషయము ముందు తేల్చుకొందము. 1870లో రిచర్డ్ బర్టన్ దొర బేతాళకథలు కొన్నింటిని ఆంగ్లీకరించి, "విక్రముడును వాంపైరును" అను నర్థము వచ్చునట్లు పేరిడెను. తన పాఠకు లెఱిగిన మాట యదియే కావున ఆయనను తప్పుపట్టనక్కఱలేదు. కాని సోమదేవుని కథాసరిత్సాగరమున బేతాళుడు శవము నావేశించి చెట్టున వ్రేలాడును, రాజు మూపున నెక్కి కథ చెప్పును, చిక్కుప్రశ్న వేయును, తుదకు భిక్షువు కపటమును దెలిపి రాజును గాపాడును. ఆతనికి రాజు నెత్తురు వలదు, ఉత్తరము వలయును. చందమామ చదివి పెరిగిన పిల్లలకు సైత మీ భేదము తెలియును. 2025లో వెలువడిన "థామా" యను హిందీచిత్రము బేతాళజాతిని నెత్తురు త్రావువారినిగా జేసి, రష్మికా మందన్న ధరించిన బేతాళయువతికి మానవునిపై వలపు గల్పించినది. కథకు స్వాతంత్ర్యము గలదు, నిఘంటువునకు లేదు.

ఇక పాశ్చాత్యుల ప్రణయ మెట్లు పుట్టినదో చూతము. బ్రామ్ స్టోకరు 1897లో ప్రకటించిన నవలలో డ్రాకులాకు ప్రేమకథ లేదు. ఆకలియు అధికారకాంక్షయు గలవు. 1922లో మూర్నో జర్మనీలో దీసిన "నోస్ఫెరాటు"లో ఒక సతి తన్ను తా నర్పించుకొని, తెల్లవాఱువఱకు పిశాచమును తనకడ నిలిపి, ఎండచే దానిని నశింపజేయును. ఎండ తగిలి నశించుట చలనచిత్ర కల్పనమే. నవలలోని డ్రాకులా పగలును తిరుగగలడు. 1992 నాటి కొప్పోలా చిత్రమున మీనా డ్రాకులా పూర్వభార్యయై మరల పుట్టినది. దీనికిని నవలలో జాడ లేదు. "మూగమనసులు" (1964) చూచిన తెలుగువాని కిట్టి జన్మాంతరబంధము క్రొత్తయు గాదు. 2008లో వచ్చిన "ట్విలైట్" నాయకుడు నరరక్తమును విడిచి మృగరక్తముతో బ్రతుకుచు, ప్రియురాలిని దగ్గఱ దీయుటకే వెఱచును. తాకిడియే మృత్యువగుచోట నిగ్రహమే ప్రేమకు ప్రమాణము. ఈ కథాజాతికి ప్రాణ మా నిగ్రహము, నెత్తురు అలంకారము.

అట్టి కథ మన భారతమున నున్నది. లక్కయింటినుండి తప్పించుకొన్న పాండవు లడవిలో నిద్రింప, భీముడు మేలుకొని కాచుచుండెను. మనుష్యగంధము పసిగట్టిన హిడింబాసురుడు వారిని జంపి తెమ్మని చెల్లెలిని బంపెను. ఆమె భీముని జూచి, అన్న యాజ్ఞ మఱచి, మానవస్త్రీరూపము దాల్చి, వచ్చిన పని దాచక చెప్పి, కాపాడెదనని పలికెను. తిన వచ్చినది తినదగినవానిని వలచిన కథ యింతకంటె స్పష్టముగా నెక్కడ నున్నది? నన్నయభట్టు ఆదిపర్వమును తెలిగించిన పదునొకండవ శతాబ్దినుండియు నిది తెలుగువారి సొత్తు. వ్యాసభారతమున ధర్మరాజు పెట్టిన నియమ మొకటి మిక్కిలి గమనింపదగినది. పగలు భీముడు హిడింబతో విహరింపవచ్చును. రాత్రి కాతనిని తిరిగి తేవలయును. పాశ్చాత్య పిశాచమునకు రాత్రి గడియలు, మన రాక్షసికి పగటి గడియలు! రాక్షసులకు రాత్రి బల మెక్కువ యనుట ప్రసిద్ధము. కావున ధర్మజుడు ప్రేమను గాదనక, ఆకలి వేళను మాత్రము తప్పించెనని నే ననుకొందును.

హిడింబ కథలో నిగ్రహము పైనుండి వచ్చిన కట్టడి. అది హృదయమునుండియే పుట్టుట రాయప్రోలువారి "తృణకంకణము"న గాననగును. పెండ్లికి నోచుకొనని ప్రేమికు లందు స్నేహితులై నిలుతురు. గడ్డిపోచల కంకణమే వారి బంధమునకు గుర్తు. "ట్విలైట్" నాయకుని నిగ్రహము ప్రియురాలి ప్రాణమునకై భయపడుటవలన గలిగినది. ఇచ్చటిది గౌరవమువలన గలిగినది. ఈ భేదము చిన్నది గాదు.

మన ప్రసిద్ధచిత్రము లీ త్రోవ ద్రొక్కలేదు. "మాయాబజారు" (1957)లో సూర్యకాంతముగారి హిడింబ ఘటోత్కచుని తల్లిగా మాత్రమే కనబడును, ప్రణయము శశిరేఖాభిమన్యులది. కోడి రామకృష్ణగారి "అరుంధతి" (2009) మాత్రము పాశ్చాత్యకథ కత్యంత సమీపమునకు వచ్చినది. సజీవసమాధి చేయబడిన పశుపతి ప్రేతమై, జేజమ్మ మరల పుట్టగా నామెను గోరి వెంటాడును. చావని పురుషుడు, మరల పుట్టిన స్త్రీ, తరములనాటి కోరిక — కొప్పోలా కథకు వలసిన సామగ్రి యంతయు నిందున్నది. అయినను దర్శకుడు దానిని ప్రేమ యనడు. పశుపతి బ్రతికినప్పుడును బలాత్కారియే, చచ్చిన పిదపను బలాత్కారియే. జేజమ్మ ప్రాణ మర్పించి తన యెముకలతో జేయించిన యాయుధమును, మరల పుట్టిన యరుంధతి తన నెత్తుట దడిపి వానిని గూల్చును. డ్రాకులాకు స్త్రీ నెత్తు రాహారము, పశుపతికి విషము.