ఇంటి వాకిట్లోనే పెళ్ళి పందిరి

అప్పు లేకుండా ఆడపిల్లను అత్తారింటికి పంపిన ఒక కౌలు రైతు లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటిలో ఇల్లే కాస్త నయం. డబ్బు అయిపోతే పని గోడల దగ్గర ఆపి, వచ్చే పంటకు కప్పు వేసుకోవచ్చు. పెళ్ళికి ఆ వీలు లేదు. ముహూర్తం వేళకు అన్నీ అమరాలి. చేతిలో లేకపోతే ఎక్కడో ఒకచోట అప్పు పుట్టాలి.

కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్ళో నాలుగెకరాలు కౌలుకు చేస్తున్న రైతు ఈ సంగతి బాగా ఎరుగును. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. 2022 శ్రావణంలో పెద్దమ్మాయి పెళ్ళి పట్నంలోని కల్యాణ మండపంలో ఘనంగా చేశారు. అయిదు వందల మంది వచ్చారు. భోజనంలో ఇరవై రకాలు వడ్డించారు. పూలతో పెద్ద వేదిక కట్టారు. నలుగురూ మెచ్చుకున్నారు. ఇంటికొచ్చాక చూసుకుంటే దాచుకున్నది అయిపోయింది. పైన మూడు లక్షల ప్రోనోటు మిగిలింది.

వడ్డీకే నలభై రెండు బస్తాలు

వడ్డీ నూటికి రెండు రూపాయలు. పల్లెల్లో అది పెద్ద వడ్డీ కింద లెక్క కాదు. కానీ మూడు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి డెబ్భై రెండు వేలు అవుతుంది. 2024–25లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,725 రూపాయలు. ఆ లెక్కన ఏడాది వడ్డీకి దాదాపు 42 బస్తాలు అమ్మాలి. ఎకరాకు 30 బస్తాలు పండితే ఒక ఎకరం నలభై సెంట్ల పంట నేరుగా వడ్డీ వ్యాపారి ఇంటికి పోయినట్టే. కౌలు, ఎరువులు, కూలీలు, కోత ఖర్చులు ఆ పైన.

రెండున్నరేళ్ళలో ఆయన వడ్డీ కిందే లక్షా ఎనభై వేలు కట్టారు. అసలు మూడు లక్షలూ అలాగే ఉంది.

చిన్నమ్మాయి పట్నంలో నర్సుగా పని చేస్తోంది. గోదావరికి అవతల ఊరి నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. ఇరువైపులా నచ్చింది. 2025 మాఘమాసంలో ముహూర్తం పెట్టుకుందామనుకున్నారు. తండ్రి మళ్ళీ పాత వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కబోతున్నాడని తెలిసి అమ్మాయి అడ్డం పడింది.

"నాన్నా, అక్క పెళ్ళికి తెచ్చిందే తీరలేదు. నా పెళ్ళికి కొత్త నోటు రాయొద్దు. రాస్తే నేను పీటల మీద కూర్చోను" అని చెప్పేసింది.

పరువు మాట

పేచీ వచ్చింది మేనమామతో. "బావా, పెద్దపిల్లకు మండపంలో చేసి చిన్నపిల్లకు వాకిట్లో చేస్తే ఊరు ఊరుకుంటుందా? దీనికి తక్కువ చేశారంటారు. రేపు అత్తారింట్లో దానికే చిన్నతనం" అన్నాడాయన. అందులో అబద్ధం లేదు. పల్లెల్లో చాలామంది ముచ్చటకు కాదు, ఆ మాటకు భయపడే అప్పు చేస్తారు.

ఆ మాటకు జవాబు చెప్పింది పెద్దమ్మాయి. "మావయ్యా, నా పెళ్ళిలో అయిదొందల మంది తిన్నారు. ఏం తిన్నారో ఈ రోజు ఒక్కరికీ గుర్తు లేదు. నాన్న అప్పు మాత్రం నాకు రోజూ గుర్తే. పండక్కి పుట్టింటికి రావాలన్నా నామోషీగా ఉంటోంది" అంది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఇంట్లో వాళ్ళు ఒప్పుకున్నా అసలు కష్టం వియ్యంకులకు చెప్పడంలో ఉంది. రైతు బావమరిదిని వెంటబెట్టుకుని గోదావరి దాటి వెళ్ళారు. దాచకుండా ఉన్నదంతా చెప్పారు. "బావగారూ, మా శక్తి ఇదీ. ఇంటి ముందే పందిరి వేసి చేస్తాం. మర్యాదకు లోటు రానివ్వం" అన్నారు.

అబ్బాయి తండ్రి కాసేపు ఆలోచించారు. "మా వైపు నుంచి ఎనభై మంది వస్తారండి. వాళ్ళు కూర్చోడానికి నీడ, వేళకు భోజనం ఉంటే చాలు. కట్నం మాట మేం ఎత్తలేదు, మీరూ ఎత్తొద్దు" అన్నారు. అబ్బాయి తల్లి ఒక్కటే అడిగారు. సన్నాయి మేళం ఉండాలని. ఆ కోరిక వెంటనే లెక్కలో చేరింది.

నోటు పుస్తకంలో మూడు గళ్ళు

అమ్మాయి ఒక నోటు పుస్తకం తీసి ప్రతి పేజీలో మూడు గళ్ళు గీసింది. మొదటి గడికి 'తప్పనిసరి', రెండో దానికి 'మన ముచ్చట', మూడో దానికి 'ఊరి కోసం' అని పేర్లు పెట్టింది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కొక్క ఖర్చునూ ఏదో ఒక గడిలో రాశారు. తాళి, బట్టలు, పందిరి, పురోహితుడు, భోజనం మొదటి గడిలోకి వచ్చాయి. సన్నాయి, ఫోటోలు, పంచిపెట్టే మొక్కలు రెండో గడిలోకి. ఫ్లెక్సీలు, డీజే, డ్రోన్ కెమెరా, పూల వేదిక, ఐస్‌క్రీం స్టాలు మూడో గడిలోకి. చివరికి మూడో గడి మొత్తం కొట్టేశారు.

ముహూర్తం పగలు పది గంటలకు పెట్టించారు. రాత్రి పెళ్ళయితే దీపాలు, జనరేటరు, సాయంత్రం ఫలహారం, రాత్రి భోజనం, తెల్లవారి కాఫీలు అన్నీ కావాలి. పగటి పెళ్ళికి ఒక ఫలహారం, ఒక భోజనంతో సరిపోతుంది. బలమైన ముహూర్తమని అందరూ ఒకే రోజు మీద పడితే షామియానా మొదలు వంటవాళ్ళ దాకా రేటు పెంచేస్తారు. పురోహితుణ్ణి రెండు మూడు తేదీలు అడిగి, రద్దీ తక్కువున్న వారం మధ్య రోజును ఎంచుకున్నారు.

పందిరికి కావలసిన కొబ్బరాకులు కోనసీమలో ఎవరినీ కొననక్కర్లేదు. వెదుళ్ళు ఇరుగుపొరుగు ఇచ్చారు. గుమ్మానికి మామిడి తోరణాలు, రాటలకు అరటి చెట్లు కట్టారు. మాఘంలో బంతిపూలకు కొదవ లేదు. గాడిపొయ్యి మాత్రం పందిరికి దూరంగా, గాలివాటు చూసి తవ్వించారు. ఆకుల పందిరికి నిప్పురవ్వ చాలు కాబట్టి పక్కన రెండు డ్రమ్ముల నీళ్ళు ఉంచారు. కరెంటు తీగెలు ఆకులకు తగలకుండా కట్టించారు.

ఎనిమిది రకాలు, కడుపునిండా

పిలుపులు మూడు వందలకు మించకూడదనుకున్నారు. అబ్బాయి వైపు 80 మంది, తమ బంధువులు, ఊరివాళ్ళు 180 మంది, పొలం పనులకు వచ్చేవాళ్ళు 40 మంది. నూరు మందికి పదిహేను కిలోల బియ్యం చొప్పున 45 కిలోలు కావాలి. సొంత ధాన్యం ఒక బస్తా మిల్లు ఆడిస్తే సరిపోయింది.

వంటలు ఎనిమిదే. ముద్దపప్పు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు, అప్పడం, పెరుగు. అన్నీ ఆ కాలంలో చుట్టుపక్కల దొరికేవే. ఇరవై రకాలు పెట్టినప్పుడు ఆకులో సగం మిగిలిపోయేది. ఈసారి బూరెలు రెండోసారి అడిగి వేయించుకున్నారు. వియ్యాలవారికి ఆత్రేయపురం పూతరేకులు విడిగా తెప్పించారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకులు తమ జిల్లావేనని ఇంటివాళ్ళకు గర్వం.

మొదటి బంతిలో ఎవరిని కూర్చోబెట్టాలన్న దగ్గర అమ్మాయి ఒక మాట అడిగింది. మగపెళ్ళివారితో పాటు, ఏటా తమ చేలో ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్ళనూ మొదటి బంతిలోనే కూర్చోబెట్టాలంది. ఎక్కడ పెళ్ళయినా చివరి బంతి దాకా పెరట్లో నిలబడేవాళ్ళు వాళ్ళే. ఆ రోజు అరిటాకుల ముందు కూర్చుంటే అమ్మాయి తండ్రి స్వయంగా నెయ్యి వడ్డించారు.

ఖర్చు లేని ముచ్చట్లు

శుభలేఖలు వందే కొట్టించారు, ఒక్క కాగితం మీద. మిగతా అందరినీ తల్లి, పెద్దమ్మాయి ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచారు. డీజే లేదు కాబట్టి ఊళ్ళో పెద్ద ముత్తయిదువులు పసుపు కొట్టే రోజు నుంచీ పెళ్ళి పాటలు పాడారు. చాలా పాటలు పడుచుపిల్లలు వినడం అదే మొదటిసారి.

పురోహితుణ్ణి ముందే అడిగి, ఒక్కో ఘట్టం అర్థం తెలుగులో చెప్పించారు. జీలకర్ర బెల్లం ఎందుకు పెడతారు, ఏడడుగుల్లో ఒక్కో అడుగుకు ఏమని ప్రమాణం చేస్తారు అని ఆయన చెబుతుంటే పందిట్లో కబుర్లు ఆగిపోయాయి. పెళ్ళి తంతు అందరికీ తెలిసే తెలుగులో ఉండాలని త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) 'వివాహవిధి' రాశారు. ఆ పద్ధతిలో పెళ్ళి చేసుకోకపోయినా, వధూవరులు ఏం మాట ఇచ్చుకుంటున్నారో తెలిస్తే పెళ్ళికి నిండుదనం వస్తుంది.

చదివింపులు పుస్తకంలో రాసుకున్నారు గాని మైకులో చదవలేదు. నూట పదహార్లు ఇచ్చినవాడు, వెయ్యి నూట పదహార్లు ఇచ్చినవాడు ఒకే పందిట్లో తలెత్తుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు ఇంటికొక మొక్క చొప్పున కడియం నర్సరీల నుంచి తెచ్చిన జామ, కరివేపాకు మొక్కలు వంద పంచారు.

మొత్తం ఖర్చు ఇలా తేలింది. పందిరి, కుర్చీలు, వంట సామాను అద్దెలు 22 వేలు. భోజనాలు, వంటవాళ్ళు 42 వేలు. పురోహితుడు, మేళం 18 వేలు. బట్టలు 30 వేలు. ఫోటోలు 12 వేలు. బళ్ళు 8 వేలు. మొక్కలు, శుభలేఖలు, చిల్లర ఖర్చులు 8 వేలు. వెరసి లక్షా నలభై వేలు. బంగారానికి తల్లి పాత నానుతాడు చెరిపించి సూత్రాలు, గొలుసు చేయించారు. అమ్మాయి పోస్టాఫీసులో నెలకు 2,500 చొప్పున మూడేళ్ళు కట్టిన తొంభై వేలు, తల్లి పాల మీద కూడబెట్టిన యాభై వేలు కలిపితే లెక్క సరిపోయింది.

చట్టం ఏమంటుంది?

హిందూ వివాహ చట్టం (1955) ప్రకారం వధూవరుల్లో ఏదో ఒక వైపు ఆచారం ప్రకారం తంతు జరిగితే పెళ్ళి చెల్లుతుంది. సప్తపది ఆచారమున్న చోట ఏడో అడుగుతో పెళ్ళి పూర్తవుతుంది. ఆ చట్టంలో మండపం మాట, ఇరవై రకాల మాట లేదు. పెళ్ళంటే ఆటపాటలు, విందులు కాదని, కట్నాలు గుంజుకునే సందర్భం అంతకన్నా కాదని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే. అయిదేళ్ళకు తగ్గకుండా జైలు పడుతుంది. 15 వేల రూపాయలు లేదా కట్నం విలువ, ఏది ఎక్కువైతే దానికి తగ్గకుండా జరిమానా కూడా ఉంటుంది. ప్రేమతో ఇచ్చే కానుకలకు 1985 నిబంధనల ప్రకారం పట్టిక రాయాలి. వస్తువు, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులు సంతకాలు చేయాలి. ఈ ఇంట ఆ పట్టికను పెళ్ళి మర్నాడే రాసి పెట్టుకున్నారు.

అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండి ఉండాలన్నది అందరికీ తెలిసిందే. పెళ్ళి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. వయసు, చిరునామా రుజువులు, శుభలేఖ, పెళ్ళి ఫోటో, సాక్షులను తీసుకుని పెళ్ళయిన వెంటనే ఆ పని చేయించుకుంటే తర్వాత తిరగనక్కర్లేదు.

వాకిలి లేనివారికీ దారులున్నాయి. గోదావరి జిల్లాల వాళ్ళు చాలామంది అన్నవరం కొండ మీద దగ్గరి బంధువుల మధ్య పెళ్ళి చేసి, ఇంటికి వచ్చి భోజనాలు పెట్టుకుంటారు.

పందిరి విప్పాక

పెళ్ళయిన పదహారు రోజుల పండగ దాకా పందిరి ఉంచి, తర్వాత విప్పారు. ఆ వెదుళ్ళలో కొన్నింటిని అడిగి పెరట్లో ఆనపపాదుకు పందిరి వేసుకున్నారు. పాత అప్పు ఇంకా తీరలేదు. కానీ దాని మీద కొత్త నోటు పడలేదు. దాళ్వా ధాన్యం అమ్మాక మొదటిసారి అసలులో పాతిక వేలు కట్టి, ప్రోనోటు వెనక జమ రాయించుకున్నారు.

అన్నిటికన్నా ముందు అభ్యంతరం చెప్పిన మేనమామకూ ఒక కూతురుంది. ఆ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. మొన్నొక సాయంత్రం ఆయన చెల్లెలింటికి వచ్చి కాఫీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, లేచేటప్పుడు అడిగారు.

"బావా, ఆ గళ్ళు గీసిన నోటు పుస్తకం ఓసారి ఇస్తావా?"